పితృఋణము: సర్ ఆర్థరు కాటను చరిత్రము

తండ్రి యాస్తి ననుభవించు కుమారునికి ఆయన ఋణమును దీర్చు భారము గలదని మన ధర్మశాస్త్రము. కృష్ణా మండలమున మన మనుభవించు నాస్తిలో కాలువనీరు ముఖ్యమైనది. దానిని మనకు వదలిపోయిన వారిలో నొకరి చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఆర్థరు కాటను 1803 మే 15వ తేదీని ఇంగ్లండు దేశమున జనించెను. 1821లో చెన్నపురికి వచ్చి, కుంఫిణీ సైన్యమున ఇంజనీరుగా కొలువుచేసెను. కరికాలచోళుఁడు కట్టించెనని ప్రతీతిగల కావేరీ యానకట్టను పరిశీలించి, లోఁతు తెలియని యిసుకలో పునాది నిలుపు విద్యను గ్రహించెను. ఆ విద్య ఈ దేశపు పూర్వులదే యని దాఁచక చెప్పెను. 1836లో కొళ్లిడము నదికి ఆనకట్టలు నిర్మించెను.

1832-33 సంవత్సరముల నందన కరవున గుంటూరు సీమలో లక్షకు మించిన జనులు మడిసిరి. కృష్ణ యొడ్డుననే యుండియు ఆఁకటఁ జచ్చిరి. కాటను 1844లో గోదావరికి ఆనకట్ట యావశ్యకమని నివేదించి, 1847లో ధవళేశ్వరమున పని యారంభించెను. నడుమ దేహారోగ్యము చెడినను పూనిక విడువలేదు. 1852లో అది ముగిసెను. కృష్ణకును ఆనకట్ట కావలెనని ఆయన వాదించియుండెను. ఆ యేడే బెజవాడలో ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నిర్మాణ మారంభమై, కెప్టెన్ ఓరు పర్యవేక్షణమున 1855లో పూర్తియయ్యెను.

కుంఫిణీవారు రాబడిని లెక్కించియే ధనమిచ్చిరన్నది నిజము. రాళ్లు మోసినది మన కూలిజనులన్నదియు నిజము. కావున మన ఋణదాతలు పెక్కండ్రు. వారిలో కాటను పేరు మాత్రము నిలిచినది. ఆయన 1899 జూలై 24న కాలధర్మము నొందెను. గోదావరీ తీరమున ఆయనను స్నానవేళ స్మరించు వాడుక గలదు.

దోసిటితో నీరు విడుచుట సులభము. ఆ నీటిని చెఱుపక క్రిందివారికి విడుచుట కష్టము. పాత కృష్ణానకట్ట 1952లో తెగఁగా, తరువాతివారు 1954లో పని మొదలిడి 1957నాఁటికి ప్రకాశం బ్యారేజిని నిలిపిరి. ఋణము తీర్చు పద్ధతి యట్టిది. ఉయ్యూరు పొలములను తడిపిన నీరు ఇంకను సముద్రపుటొడ్డు శివారు గ్రామములకుఁ బోవలెను. అచటి చెఱువులు నిండవలెను. ఎగువవాఁడు అధికముగ వాడుకొని మురుగును కాలువలోఁ గలిపినచో, దిగువ శిశువు దానినే త్రాగవలసివచ్చును.

గతించిన ఋణదాతల పక్షమున చెల్లింపు పుచ్చుకొనవలసినవారు పుట్టఁబోవు బిడ్డలే. పుత్రులు గలవాఁడే పితృఋణము తీర్చునని లోకులందురు. పరుల బిడ్డలకొఱకు కాలువను శుభ్రముగ నుంచినవాఁడును తీర్చినట్లే యని మేము తలఁచుచున్నాము.