రంగాగారి సర్వీసు లెక్క



ప్రత్యేక సంచికకు గతించిన పెద్దలలో ఒకరి జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు అడిగారు. ఎవరి గురించి రాయాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. ముప్పై ఆరేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లలోనే కూర్చుని సర్వీసు రిజిస్టర్లు, సీనియారిటీ జాబితాలు రాసినవాణ్ణి. నాకు చేతనైనది ఆ రాత ఒక్కటే. కనుక ఆచార్య ఎన్.జి. రంగాగారి జీవితాన్ని ఒక సర్వీసు రిజిస్టరులాగా రాయబోతున్నాను. పెద్దాయనను ఇలా ఫైలులో పెట్టడం మర్యాద కాదని ఎవరైనా అనుకుంటే మన్నించాలి.

ఈ ఆలోచన పుట్టింది 2024 జూన్‌లో. పద్దెనిమిదవ లోక్‌సభ మొదటి సమావేశానికి తాత్కాలిక స్పీకరు ఎవరన్న తగవు పత్రికలలో వచ్చింది. కేరళకు చెందిన కొడికున్నిల్ సురేష్ గారు ఎనిమిదవసారి గెలిచారు. ఒడిషాకు చెందిన భర్తృహరి మహతాబ్ గారు ఏడవసారి గెలిచారు. ఎనిమిది పెద్దదా, ఏడు పెద్దదా అంటే చిన్నపిల్లవాడైనా చెబుతాడు. కానీ సురేష్ గారు 1998లోను, 2004లోను ఓడిపోయారు. మహతాబ్ గారు 1998 నుంచి ఒక్కసారీ తప్పలేదు. ప్రభుత్వం వారు బ్రేకు లేని సర్వీసుకే విలువ కట్టి మహతాబ్ గారిని ఎంచుకున్నారు. ఆ రోజు మన సంఘం ఆఫీసులో పేపరు చదువుతూ నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. అందుకు కారణం తరువాత చెబుతాను.

రూలు ఏమంటుందో ముందు చూద్దాం. లోక్‌సభ రద్దయినా పాత స్పీకరు వెంటనే దిగిపోనక్కరలేదు, కొత్త సభ మొదటిసారి కూర్చునే ముందు వరకు ఉంటారని రాజ్యాంగం 94వ అధికరణం చెబుతుంది. ఆ తరువాత కుర్చీ ఖాళీ. డిప్యూటీ స్పీకరు కూడా ఉండరు కనుక 95వ అధికరణం కింద రాష్ట్రపతి సభ్యులలో ఒకరిని నియమిస్తారు. ఆయన కొత్త సభ్యులచేత ప్రమాణం చేయిస్తారు, స్పీకరు ఎన్నిక జరిపిస్తారు, దిగిపోతారు. మన భాషలో చెప్పాలంటే ఎఫ్.ఎ.సి. నాలుగు రోజుల అదనపు బాధ్యత, అలవెన్సు లేదు. కానీ గౌరవం చాలా పెద్దది, ఎందుకంటే అది సభలో అందరికంటే సీనియరుకు దక్కాలని ఆనవాయితీ. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ సీనియర్ సభ్యుల జాబితా తయారు చేస్తుంది. అయితే సీనియరు అంటే ఎవరు? రాజ్యాంగంలో ఆ మాట లేదు. మనకు సర్వీసు రూల్సులో 33వ రూలు ఉన్నట్టు వారికి లేదు. ఆనవాయితీ ఒక్కటే ఉంది. ఆనవాయితీ ఎటు లాగితే అటు సాగుతుందని ఉద్యోగం చేసిన మనందరికీ తెలుసు.

ఇక రంగాగారి రిజిస్టరు తెరుద్దాం. అసలు పేరు గోగినేని రంగనాయకులు. పుట్టిన తేదీ 7-11-1900. గుంటూరు జిల్లా నిడుబ్రోలు. రైతు కుటుంబం. విద్యార్హతలు: ఆక్స్‌ఫర్డులో ఆర్థికశాస్త్రం చదివి 1926లో బి.లిట్. పట్టా తీసుకున్నారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఆచార్య అన్న బిరుదు అలా వచ్చినదే, జీవితాంతం వదలలేదు.

గాంధీగారి పిలుపుతో 1930లో ఉద్యమంలోకి వచ్చారు. జమీందారీ రైతుల తరఫున, ముఖ్యంగా వెంకటగిరి రైతుల తరఫున పోరాడారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి రైతు బిడ్డలకు రాజకీయం నేర్పారు. 1936లో అఖిల భారత కిసాన్ సభను స్థాపించిన వారిలో స్వామి సహజానంద సరస్వతితో పాటు ఈయన ఒకరు. ఆ దశాబ్దంలోనే ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. తరువాత రాజ్యాంగ సభ, దాని వెంట 1950 నుంచి 1952 వరకు తాత్కాలిక పార్లమెంటు.

1951లో కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952లో రాజ్యసభకు వెళ్ళారు. 1955 ఎన్నికల నాటికి మళ్ళీ కాంగ్రెసు వైపు వచ్చారు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార సమష్టి వ్యవసాయం తీర్మానం చేసింది. పొలం మీద రైతు హక్కు పోతుందని నమ్మిన రంగాగారు నెహ్రూగారితో తెగతెంపులు చేసుకున్నారు. రాజాజీ గారితో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి దాని మొదటి అధ్యక్షులయ్యారు. అధికార పక్షంలో ఉంటే ఏ పదవి వచ్చేదో లెక్క కట్టే మనిషి ఆయన కాదు. అరవై ఏళ్ళ రాజకీయంలో కేంద్రంలో ఒక్కసారి కూడా మంత్రి కాలేదు. ఇప్పటి వారికి ఇది వింతగా ఉండవచ్చు.

ఇక్కడినుంచి రిజిస్టరు పేజీలు చిందరవందరగా ఉంటాయి. 1962 సాధారణ ఎన్నికలలో ఆయన గెలవలేదు. చిత్తూరు నుంచి గెలిచిన అనంతశయనం అయ్యంగారు గారు బీహారు గవర్నరుగా వెళ్ళగా, అక్కడ వచ్చిన ఉప ఎన్నికలో గెలిచి సభకు వచ్చారు. 1967లోనూ అదే కథ. శ్రీకాకుళం నుంచి గెలిచిన గౌతు లచ్చన్న గారు గురువు గారి కోసం తన లోక్‌సభ స్థానాన్ని వదులుకున్నారు. అక్కడ ఉప ఎన్నికలో రంగాగారు గెలిచారు. శిష్యుడు గురువుకు పండో పువ్వో ఇవ్వడం విన్నాం, గెలిచిన ఎంపీ సీటు ఇవ్వడం ఎక్కడైనా విన్నామా? ఆ రోజులు వేరు.

కానీ ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తా కళ్ళకు కనిపించేది ఇంకొకటి. రెండు సభలలోనూ ఆయన చేరిన తేదీ బ్యాచివారి తేదీ కాదు. అందరూ ప్రమాణం చేసిన కొన్ని నెలల తరువాత చేరారు. 1971లో ఓడిపోయారు. తిరిగి కాంగ్రెసులో చేరారు. 1977 వరకు ఏ సభలోనూ లేరు. అంటే ఆరేళ్ళ బ్రేకు. 1977లో రాజ్యసభ, 1980లో గుంటూరు నుంచి లోక్‌సభ. 1984లో ఎన్.టి.ఆర్. గారి గాలికి రాష్ట్రంలో కాంగ్రెసుకు ఆరు సీట్లే మిగిలితే అందులో ఎనభై నాలుగేళ్ళ రంగాగారి గుంటూరు ఒకటి.

1980లో ఏడవ లోక్‌సభ కూర్చున్నప్పుడు తాత్కాలిక స్పీకరు ఎవరు? రంగాగారు కాదు, జగ్జీవన్ రామ్ గారు. 1985 జనవరిలో ఎనిమిదవ లోక్‌సభకు కూడా ఆయనే. ఢిల్లీ సభలో అడుగుపెట్టిన సంవత్సరం చూస్తే రంగాగారిది 1930 దశకం, జగ్జీవన్ రామ్ గారిది 1946. అయితే జగ్జీవన్ రామ్ గారు 1952 నుంచి ప్రతి లోక్‌సభలోనూ ఉన్నారు. 1980 నాటికి ఏడవసారి, ఒక్క బ్రేకు లేదు. రంగాగారికి లోక్‌సభ వరకే లెక్కిస్తే అది నాలుగవసారి. రాజ్యసభ వేరే సభ. రాజ్యాంగానికి ముందు సర్వీసు వేరే సర్వీసు. ఈ కొలతతో చూస్తే జాబితా తప్పని ఎవరూ అనలేరు. ఇంకో విషయం, 1980లో జగ్జీవన్ రామ్ గారు ప్రతిపక్షంలో ఉన్నారు. ఇందిరాగాంధీ గారి ప్రభుత్వమే ఆయన పేరు పంపింది. సీనియారిటీకి పార్టీ లేదని అప్పుడు అనుకున్నాం.

బ్రిటిషు పార్లమెంటులో సభా పెద్ద అన్న గౌరవం ఒకటి ఉంది. అక్కడ బ్రేకు లేని సర్వీసుకే లెక్క. చర్చిల్ గారు 1900లో మొదటిసారి గెలిచినా 1922 నుంచి 1924 వరకు సభలో లేకపోవడం వల్ల ఆయన సర్వీసు 1924 నుంచే మొదలైనట్టు లెక్క కట్టారు. ఆ గౌరవం 1959లో గాని దక్కలేదు. యుద్ధం గెలిపించిన ప్రధానమంత్రికే దిక్కు లేకపోతే గుమాస్తాలం మనమెంత?

జగ్జీవన్ రామ్ గారు 1986 జులైలో కాలం చేశారు. 1989 డిసెంబరులో తొమ్మిదవ లోక్‌సభ వచ్చింది. రంగాగారు గుంటూరు నుంచి మళ్ళీ గెలిచారు, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో. ఆ ఎన్నికల లెక్కింపు డ్యూటీలో నేనూ ఉన్నాను. రౌండు రౌండుకూ అంకెలు కలిపి ఫారంలో రాసే పని. తెల్లవారుజామున ఆ పేరు పక్కన ఆఖరి మొత్తం రాసినప్పుడు నా చేతికి కొంచెం గర్వంగా అనిపించిందంటే నవ్వకండి.

ఈ సభలో ఇంద్రజిత్ గుప్తా గారు కూడా ఉన్నారు. 1960 ఉప ఎన్నికలో వచ్చి, ఒక్క 1977 తప్ప ప్రతిసారీ గెలిచినవారు. లోక్‌సభ వరకే లెక్కిస్తే గుప్తా గారికి అది ఏడవసారి, రంగాగారికి ఆరవసారి. అయినా ఈసారి తాత్కాలిక స్పీకరుగా కుర్చీలో కూర్చున్నది రంగాగారు. విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ గారి ప్రభుత్వం, రంగాగారు ప్రతిపక్షం. ప్రమాణాలు చేయించారు. డిసెంబరు 19న రబీ రే గారు స్పీకరుగా ఎన్నికయ్యారు, రంగాగారు కుర్చీ అప్పగించారు. 1980లో పక్కకు పోయిన పాత సర్వీసు 1989లో లెక్కకు వచ్చినట్టే నేను చదువుకున్నాను. 1991లో రంగాగారు సభలో లేరు, అప్పుడు గుప్తా గారి వంతు వచ్చింది. ఆ తరువాత మూడుసార్లు కూడా ఆయనదే.

ఇప్పుడు నా సంగతి. 1973లో టెన్ ఎ వన్ కింద తాత్కాలిక జూనియర్ అసిస్టెంటుగా చేరాను. 1975లో ఖాళీ లేదని తీసేశారు. యాభై మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. మళ్ళీ ఆర్డరు వచ్చింది. సర్వీసు రెగ్యులరైజు చేసినప్పుడు రెండవసారి చేరిన తేదీ నుంచే చేశారు. నాకంటే తరువాత 1974లో చేరిన మిత్రుడు జాబితాలో నా పైకి వెళ్ళాడు. 1998లో సూపరింటెండెంటు పోస్టు ఒకటే వచ్చింది, ఆయనకు వెళ్ళింది. నాకు వచ్చేసరికి ఆరేళ్ళు పట్టింది. నేను పెట్టుకున్న అప్పీలు రూలు ప్రకారం తోసివేశారు. ఆ జాబితా శుభ్రప్రతి రాసింది కూడా నేనే, నా పేరు కింద నేనే రాసుకున్నాను. ఆ తేడా ఇప్పటికీ ప్రతి నెలా నా పెన్షనులో కనిపిస్తుంది. మా ఆవిడ ఆ విషయం ఎత్తడం చాలాకాలం క్రితమే మానేసింది. ఆ మిత్రుడు ఇప్పుడు మన సంఘంలోనే ఉన్నారు. ఇరవై ఏళ్ళు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన చేసిన తప్పేమీ లేదు, అయినా మాట్లాడలేదు. 2024 జూన్‌లో నేను గట్టిగా మాట్లాడింది ఆయన ఎదుటే.

రంగాగారు ఆరేళ్ళ బ్రేకుకు అప్పీలు పెట్టుకున్నట్టు ఎక్కడా చూడలేదు. సీటు పోతే రైతుల దగ్గరకు వెళ్ళారు, సీటు వస్తే సభకు వెళ్ళారు. 1930 నుంచి 1991 వరకు అరవై ఏళ్ళ పార్లమెంటేరియన్ అని అందరూ చెప్పుకుంటారు. గిన్నిస్ పుస్తకంలోనూ ఆయన పేరు ఎక్కింది. 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 9-6-1995న కాలం చేశారు. మరుసటి సంవత్సరం రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. మా మనవడు అక్కడే చదివాడు, రంగా అంటే ఎవరని మొదటి సంవత్సరంలో నన్నే ఫోను చేసి అడిగాడు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని కార్యదర్శి గారికి ఇచ్చే ముందు ఎవరైనా అంకెలు సరిచూస్తే బాగుండుననిపించింది. అంకెల్లో ఆ మిత్రుడిని మించినవారు మనలో లేరు. వెళ్ళి ఇచ్చాను. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. 1952 నుంచి 1957 వరకు, 1977 నుంచి 1980 వరకు రాజ్యసభ కాలాన్ని నా పట్టికలో కలపలేదని పట్టుకున్నారు. ఇద్దరి పట్టిక ఒక్క కొలతతో వేయాలని చెప్పి, మార్జినులో పెన్సిలుతో ఎనిమిది ఏళ్ళు కలిపి, పక్కన తన ఇనీషియలు పెట్టారు. కాఫీ వచ్చింది, తాగాం. పెన్సిలు గుర్తుల ప్రకారం దిద్ది, శుభ్రప్రతి రాసి, కార్యదర్శి గారికి అందజేశాను.