లా ట్రాప్ మౌని: రాన్సే జీవితము

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో ఉదయము మొదలు రాత్రి వరకు పరీక్షలకు చదువుకొను యువకుల నిశ్శబ్దము అశోక్ నగర్, నారాయణగూడ వాసులందఱు ఎఱిగినదే. ఆ నిశ్శబ్దము గ్రంథము కొఱకు. గ్రంథమును సైతము ప్రక్కకు నెట్టి, మౌనమును, చేతిపనిని మాత్రమే నమ్ముకొన్న వేఱొక నిశ్శబ్దము సుమారు మూడువందల అరువది యేండ్లకు పూర్వము ఫ్రాన్సు దేశమున, నార్మండీ ప్రాంతపు అడవుల నడుమ ఒక మఠమున నెలకొనెను. ఆ మఠము పేరు లా ట్రాప్. ‘ట్రాపిస్టు’ అను మాట దానినుండియే పుట్టినది. నేడు ఐరోపాలో ఆ మాట విన్నంతనే పలువురకు సన్న్యాసికంటె ముందుగా బీరు సీసా తలపునకు వచ్చును. కఠోర విరక్తికి మాఱుపేరైన మఠము మద్యమునకు పేరెట్లయ్యెనో తెలియవలెనన్న, ఆ మఠమును తీర్చిదిద్దిన ఆర్మాన్ జాన్ ద రాన్సే జీవితము తెలియవలెను.

రాన్సే 1626 జనవరి 9వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి రాజమాత మేరీ ద మెడిసీ కొలువులో కార్యదర్శి. ఫ్రాన్సు రాజ్యమును కనుసన్నల నడపిన కార్డినల్ రిషిల్యూ ఈ శిశువునకు జ్ఞానతండ్రి. బాలునకు పెట్టిన పేరు ఆయన పేరే. అన్నగారు 1637లో మరణింపగా, అన్నకు చెందవలసిన మఠముల ఆదాయమంతయు పదునొకండేండ్ల తమ్మునకు సంక్రమించెను. అందులో లా ట్రాప్ ఒకటి. మఠాధిపతి యని పేరు పెట్టుకొని, మఠములో కాలిడకయే దాని రాబడి ననుభవించుట ఆనాటి ఫ్రాన్సులో తప్పు కాదు. దేవుని మాన్యములు దీపారాధనకు అందక మధ్యవర్తుల పాలగుట మనకును తెలియని విషయము కాదు గదా!

బాలుడు మాత్రము సామాన్యుడు కాడు. పండ్రెండు పదుమూడేండ్ల వయస్సున గ్రీకు కవి అనాక్రియాన్ గీతములను స్వీయ వ్యాఖ్యతో పరిష్కరించి 1639లో ప్రకటించి, రిషిల్యూకు అంకిత మిచ్చెను. అనాక్రియాన్ ఎవరు? మధువును, మగువను, యౌవనమును గానము చేసిన కవి. రాబోవు కాలమున నీటిని సైతము కొలిచి త్రాగువానివలె బ్రతుకబోవు పురుషుని తొలి గ్రంథము మధుగీతములకు వ్యాఖ్య యగుట విధి చేసిన పరిహాసమనవలెను.

1651లో గురుపట్టము, 1654లో వేదాంతమున డాక్టరు పట్టము లభించెను. తరువాతి కాలమున మహావక్తగా ప్రసిద్ధి కెక్కిన బొస్సూయే ఆయనకు సహాధ్యాయి, మిత్రుడు. అయినను రాన్సే జీవితము రాజకుమారుని జీవితమే. తూర్ నగరము చెంత వెరెత్సు అను భవనము, వేట, విందులు, పట్టువస్త్రములు. మోంబజోన్ డచెస్సు అను సౌందర్యవతితోడి స్నేహము లోకమున గుసగుసలకు కారణమయ్యెను. 1657లో ఆమె అకస్మాత్తుగా మరణించెను. రాన్సే పరుగున వచ్చి చూచునప్పటికి, పేటిక పొట్టిదగుటచే శిరస్సును వేఱుచేసి ప్రక్కన నుంచిరనియు, ఆ దృశ్యమే ఆయనను విరాగిని చేసెననియు ఒక కథ కలదు. ఇది 1685లో ఒక ప్రొటెస్టంటు రచయిత వ్రాసి వ్యాపింపజేసినది. రాన్సే నెఱిగిన సేన్ సిమోన్ దీనిని ఖండించెను. చింతామణి మూలమున లీలాశుకుడు, వేశ్యాసంగమము విసిగి వేమన విరాగులైరని చెప్పుకొను తెలుగువారికి ఇట్టి కథపై మక్కువ కలుగుట సహజము. కాని నిజమైన విరక్తి ఒక్క రాత్రిలో రాలేదు. 1660లో తన ప్రభువైన గాస్తోన్ ద్యూక్ మరణశయ్యకడ నిలిచినప్పుడు మరల ఒక దెబ్బ తగిలెను. మఱి మూడేండ్లు తర్కించుకొని, పెద్దల నడిగి, ఆస్తి నమ్మి బీదలకు, ఆసుపత్రులకు పంచి, చివరకు అన్నిటిలోను బీదదైన లా ట్రాప్‌ను మాత్రము మిగుల్చుకొనెను.

1662లో ఆయన వెళ్లి చూడగా మఠము పాడుపడి యుండెను. మిగిలిన సన్న్యాసులు ఆర్గురు. నియమమును పేర్కొనిన అధిపతిపై వారు తిరుగబడిరి. రాన్సే పెర్సేన్యూ మఠమునుండి నియమబద్ధులను రప్పించి, తాను 1663లో అచటనే శిష్యుడుగా చేరి, 1664లో వ్రతము స్వీకరించి లా ట్రాప్‌కు నిజమైన అధిపతిగా తిరిగివచ్చెను. తమ శాఖ కఠిన నియమమును నిలువబెట్టుటకు రోమునకు పోయి 1666 వరకు పోరాడెను గాని, కోరినంత ఫలితము దక్కలేదు. ఇక లోకమును సంస్కరింప యత్నము మాని, తన గోడల లోపలనే సాధించెను.

ఆ గోడల లోపలి బ్రతుకు వినుటకే కఠినము. మాంసము, చేప, గ్రుడ్డు, వెన్న నిషిద్ధములు. రొట్టె, కూరలు, ఆపిల్ పండ్ల రసమును పులియబెట్టిన సైడరు కొలతగా కొంచెము. గడ్డిపఱుపుపై నిద్ర. మాటకు బదులు చేతి సైగలు. దినమునకు సుమారు మూడు గంటలు పొలములో, తోటలో కాయకష్టము. పండితుడైనను, ప్రభువైనను పార పట్టవలసినదే. పలువురు శిష్యులు చేరిన కొలది యేండ్లకే మరణించిరి. ఇది తపస్సా, ఆత్మహత్యా యని ఆ కాలమువారే ప్రశ్నించిరి; ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఆసక్తి కలిగించు ఘట్టము దీని తరువాతిది. 1683లో రాన్సే సన్న్యాసుల విధులను గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించి, సన్న్యాసికి పాండిత్యము తగదని, అది అహంకారమును పెంచునని, కన్నీరును శ్రమయే అతని విద్యయని వాదించెను. పాత శాసనములలో సాచ్చమైన వానిని, కూటములను వేఱుచేయు శాస్త్రమునకు 1681లో పునాది వేసిన మాబియోన్ ఆనాడు బెనెడిక్టు సంప్రదాయపు సన్న్యాసి. ఆయన 1691లో సన్న్యాసుల చదువులను సమర్థించుచు వినయముగా సమాధానము వ్రాసెను. 1692లో రాన్సే ప్రత్యుత్తరము. దానికి మరల మాబియోన్ ప్రత్యుత్తరము. చదువు వలదని నిరూపించుటకు రాన్సే తన చదువంతయు వినియోగింపవలసి వచ్చినది! వాదమున మాబియోన్‌దే పైచేయి యనక తప్పదు. అయినను 1693లో ఆ వృద్ధులిద్దఱు లా ట్రాప్‌లో కలసికొని ఆలింగనము చేసికొనిరి.

ఆరోగ్యము చెడి 1695లో రాన్సే అధికారమును వదలుకొనెను. మరుసటి యేడు సేన్ సిమోన్ ఒక చిత్రమైన మోసము చేసెను. రాన్సే చిత్రమునకు కూర్చుండడని యెఱిగి, ప్రసిద్ధ చిత్రకారుడు రిగోను సైనికోద్యోగి వేషమున తోడ్కొనిపోయెను. రిగో కన్నార్పక చూచి, గదికి పోయి జ్ఞాపకమునుండి చిత్రించెను. నేడు మనకు తెలిసిన రాన్సే ముఖము ఇట్లు దొంగిలింపబడినదే. సంగతి తెలిసి వృద్ధుడు మిత్రుని క్షమించెను గాని పనిని మెచ్చలేదు. 1700 అక్టోబరు 27న గడ్డిపై, బూడిదపై పరుండి కన్ను మూసెను.

ఫ్రెంచి విప్లవము 1790లో సన్న్యాస వ్రతములను రద్దుచేసెను. 1791లో లెస్త్రాంజ్ అను గురువు కొందఱు సోదరులతో స్విట్జర్లాండునకు తరలిపోయి వంశమును నిలిపెను. ఆ శాఖలలో ఒకటి 1794లో బెల్జియములోని వెస్ట్‌మాలేలో నాటుకొనెను. సన్న్యాసి తన చేతి పనితో బ్రతుకవలెనన్నది ఆరవ శతాబ్దినాటి బెనెడిక్టు నియమము. కొలతగా ద్రాక్షరసము త్రాగవచ్చునన్నదియు అందులోనిదే. ఆ చలిదేశమున ద్రాక్ష పండదు, బార్లీ పండును. అందుచే 1836లో వెస్ట్‌మాలే సోదరులు తమ భోజనమునకై బీరు కాచిరి. మన రాగులను మొలకెత్తించి ఎండబెట్టినట్లే బార్లీని మొలకెత్తించి వేడిగాలిలో ఆరబెట్టి, వేడినీట నానబెట్టి, చేదునిచ్చు హాప్ తీగె పువ్వులతో కాచి, ఈస్టుతో పులియబెట్టుదురు. క్రమముగా మఠద్వారమున విక్రయము మొదలయ్యెను. 1862లో షిమే, 1899లో రోష్‌ఫోర్, 1931లో ఓర్వాల్ మఠములును ఈ పనికి దిగినవి. 1919లో బెల్జియము పానశాలలలో సారాయిని నిషేధింపగా గాఢమైన బీరునకు గిరాకీ పెరిగెను.

రుచు లొక్కటి కావు. వెస్ట్‌మాలే ‘దుబెల్’ గోధుమరంగుది; మాడిన చక్కెర, ఎండుద్రాక్షల వాసన. 1934నాటి ‘త్రిపెల్’ బంగారువన్నె. పండ్ల పరిమళము, తుదిని చేదు. మద్యము నూటికి 9.5 పాళ్లు. ఓర్వాల్‌లో అడవిజాతి ఈస్టు ఒకటి సీసాలోనే పనిచేయుచుండును. తెల్లవారి దించిన కల్లు ప్రొద్దెక్కినకొలది మాఱునట్లు అది నెలలు గడచినకొలది మాఱును. సన్న్యాసులు తమకై ఉంచుకొనునది మాత్రము పలుచనిది. 1997లో మఠములు ఒక సంఘముగా ఏర్పడి, గోడల లోపల, సన్న్యాసుల పర్యవేక్షణలో తయారై, రాబడి మఠ పోషణకు, దానమునకు వినియోగమగు సరకునకే తమ ముద్ర వేయ నిశ్చయించినవి. సన్న్యాసులు లేకపోవుటచే ఆఖెల్ బీరు 2021లో ఆ ముద్రను పోగొట్టుకొనెను.

షిమే బీరునకు పుట్టినిల్లైన స్కూర్మోన్ మఠమునుండి వచ్చిన ఫ్రాన్సిస్ మాహ్యూ 1958లో కేరళలోని కొండలపై కురిసుమల ఆశ్రమమును స్థాపించెను. అచట కాచినది బీరు కాదు. ఆవులను పెంచి పాలు విక్రయించిరి. ‘లా ట్రాప్’ అను పేరుగల బీరు నెదర్లాండ్సులో 1884నాటి మఠశాలలో తయారగుచున్నది. రాన్సే పార పట్టిన ఫ్రాన్సులోని లా ట్రాప్ మఠమున మాత్రము బీరుశాల లేదు.