క్షమాధనుడు గాంధీజీ

ఇతరుల వలన గాయపడిన మనస్సు ప్రతీకారమును కోరుట సహజము. యౌవనమున ఈ కోరిక మఱింత తీవ్రముగ నుండును. అట్టి ప్రాయముననే, 27 ఏండ్ల వయస్సున, గాంధీజీ క్షమను ఆచరించి చూపిన వృత్తాంతము యువజనులకు మననీయము.

1896లో వారు దక్షిణాఫ్రికా నుండి స్వదేశమునకు వచ్చి, అచ్చటి భారతీయుల ఇక్కట్లను ఒక చిన్న పుస్తకమున వెల్లడించిరి. దాని సారాంశము తంతివార్తగా వికృతరూపమున నేటాలు చేరెను. గాంధీ తమను దూషించెననియు, రెండు ఓడల నిండ భారతీయులను తెచ్చుచున్నాడనియు డర్బను నగరపు తెల్లవారు ఆగ్రహించిరి. ఓడలు 23 దినములు రేవు వెలుపలనే నిలిచిపోయెను. ఆ జనులు హాని చేసినచో అహింసావ్రతము నిలుచునా యని ఓడ కప్తాను ప్రశ్నింపగా, వారిని క్షమించు ధైర్యమును భగవంతు డొసంగునని తమకు ఆశ గలదని గాంధీజీ తెలిపిరి.

1897 జనవరి 13న ఒడ్డునకు దిగి నడచుచున్న గాంధీజీని జనసమూహము చుట్టుముట్టెను. రాళ్లు, క్రుళ్లిన గ్రుడ్లు రువ్వి, తలపాగ లాగివేసి, నిర్దయగా తన్నెను. స్పృహ తప్పుచు వారొక యింటి ముందరి ఇనుపకమ్ములను పట్టుకొని నిలిచిరి. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండరు గారి భార్య తన గొడుగు విప్పి అడ్డు నిలిచి కాపాడెను.

దోషులను శిక్షింపుమని బ్రిటిషు మంత్రి ఛేంబర్లేను నేటాలు ప్రభుత్వమునకు తంతి నంపెను. గాంధీజీ అభియోగము తెచ్చుటకు నిరాకరించి, ఆ మాటను వ్రాసియిచ్చిరి. తప్పుడు వార్తను నమ్మి కోపించినవారు నిజము తెలిసిననాడు తామే పశ్చాత్తాపపడుదురని వారి విశ్వాసము. జనులను రెచ్చగొట్టిన పెద్దలదే దోషమని మాత్రము అధికారి యెదుటనే నిర్భయముగ చెప్పిరి. భారతీయుల హక్కులకై తమ కృషిని విడువలేదు.

స్వజనులు చేసిన గాయము మఱింత బాధించును. 1908 ఫిబ్రవరి 10న జోహాన్నెస్‌బర్గులో, గాంధీజీ ప్రభుత్వముతో లాలూచీ పడెనను అపోహచే, వారి పూర్వపు కక్షిదారుడగు మీర్ ఆలం వారిని తీవ్రముగ కొట్టెను. స్పృహ రాగానే, ఆతనిని విడిచిపెట్టవలెనని గాంధీజీ కోరిరి. అయినను ప్రభుత్వము శిక్షించెను. ఆ యేటనే ఆగస్టులో మీర్ ఆలం బహిరంగసభలో తన తప్పు నొప్పుకొనగా, గాంధీజీ ప్రీతితో చేయి కలిపిరి.

దెబ్బ తగిలిన పిదప వెదకిన క్షమ దొరకుట దుర్లభము. దానిని ముందుగనే ప్రార్థనచే సముపార్జింపవలెను. మిత్రుడో, సోదరుడో మిమ్ము నొప్పించినపుడు, ఏ అపోహ అతనిని ఆ పనికి పురికొల్పెనో యోచింపుడు. నిజమును దాచక చెప్పుడు. ద్వేషమును మాత్రము హృదయమున నిలువనీయకుడు.