గోడెక్కిన చదరంగం

డిగ్రీ అయిపోయింది. నోటిఫికేషన్ రాలేదు. పొద్దున నందివాడలో బస్సెక్కి గుడివాడ కోచింగ్‌కు వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చి, రాత్రి పూట ఓ ప్లైవుడ్ ముక్క మీద నలుపు తెలుపు గళ్లు గీసి, మధ్యలో గుర్రం తల అతికించారనుకోండి. గోడకు వేలాడదీశాక బాగానే ఉంటుంది. కానీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు, దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని. ఆ ప్రశ్న తప్పేం కాదు. అడిగేవాళ్లకు మన మీద ఉన్న బెంగ అది.

చదరంగం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ల వయసులోనే గ్రాండ్‌మాస్టర్ అయింది. చేతిపనీ కొత్త కాదు. పెడనలో టేకు చెక్క మీద అచ్చులు చెక్కి కలంకారీ బట్టలు అద్దుతారు. ఆ ఆటా, ఈ చేతిపనీ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుంది? జవాబు కోసం ఫ్రాన్స్ దాకా వెళ్లాలి. ఆ మనిషి పేరు మార్సెల్ డ్యూషాంప్.

ఎంట్రన్స్ పోయింది, పని వచ్చింది

1887 జులై 28న నార్మండీలోని ఓ చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి నోటరీ. తల్లి తరఫు తాత రాగిరేకుల మీద బొమ్మలు చెక్కేవాడు. ఇద్దరన్నలూ కళాకారులే. చదరంగం చిన్నప్పుడే ఇంట్లో నేర్చుకున్నాడు. 1905లో పారిస్‌లోని ప్రభుత్వ లలితకళల విద్యాలయం ప్రవేశ పరీక్ష రాసి ఫెయిలయ్యాడు.

అదే ఏడాది ఫ్రాన్స్‌లో కుర్రాళ్లందరికీ రెండేళ్ల సైనిక సేవ తప్పనిసరి అయింది. కళాత్మక వృత్తిపనివాళ్లు పరీక్ష పాసైతే ఒక్క ఏడాదితో సరిపెట్టుకోవచ్చు. మార్సెల్ రువాన్ పట్టణంలో ఓ ప్రెస్సులో అప్రెంటిస్‌గా చేరి సిరా, కాగితం, అచ్చు పని నేర్చాడు. తాత చెక్కిన రేకులతోనే ముద్రలు తీసి పరీక్షకులకు చూపించి పాసయ్యాడు. సైన్యంలో ఏడాది మిగిలింది. ఆ ప్రెస్సులో నేర్చిన పని మాత్రం జీవితమంతా అక్కరకొచ్చింది.

ఓ పక్క జీతం, ఓ పక్క బొమ్మ

పత్రికలకు కార్టూన్లు వేశాడు. 1910లో అన్నలు తోటలో చదరంగం ఆడుతున్న దృశ్యాన్ని రంగుల్లో గీశాడు. మరుసటి ఏడాది మళ్లీ అదే విషయం, కానీ ఈసారి ముఖాలు, చేతులు, పావులు ముక్కలు ముక్కలుగా కలిసిపోయి కనిపిస్తాయి. ఆటగాడి బుర్రలో జరిగే ఆలోచన చూపించాలని అతని ప్రయత్నం. ఆ బొమ్మ గ్యాస్ దీపం వెలుగులో వేశాడు. ఆ రెండూ ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి.

1912లో మెట్లు దిగుతున్న మనిషి కదలికను గీసి పారిస్ ప్రదర్శనకు పంపితే, పేరు మార్చమని నిర్వాహకులు కబురు పెట్టారు. చెప్పడానికి వచ్చినవాళ్లు సొంత అన్నలే. వాదించలేదు. టాక్సీ ఎక్కించి బొమ్మను ఇంటికి తెచ్చేసుకున్నాడు. తర్వాతి ఏడాది అదే బొమ్మ న్యూయార్క్‌లో సంచలనమైంది. 324 డాలర్లకు అమ్ముడైంది.

పేరొచ్చిందని బొమ్మలమీదే బతుకుదామనుకోలేదు. 1913లో పారిస్‌లోని సెయింట్ జెనెవీవ్ గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరాడు. 1915లో న్యూయార్క్ వెళ్లాక ఫ్రెంచ్ ట్యూషన్లు చెప్పాడు. తర్వాతి కాలంలో శిల్పి బ్రంకూసీ పనులు కొని అమ్మిపెట్టి సంపాదించాడు. ఒక మాట దాచకూడదు. అతని తండ్రి పిల్లలకు నెలనెలా డబ్బు పంపేవాడు. ఆ లెక్కంతా రాసుకుని, తర్వాత వాళ్ల వాటా ఆస్తిలోంచి తీసేశాడు. అంటే కాళ్ల కింద కొంత నేల ఉన్న మనిషే. మనలో చాలామందికి ఆ సౌకర్యం ఉండదు. అతని కథ చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

సొంత పావులు, సొంత ముద్రలు

1918లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ చేరాడు. అక్కడున్న తొమ్మిది నెలల్లో చదరంగం పిచ్చి పట్టుకుంది. ఆడటంతో ఆగలేదు. చెక్కతో సొంత పావులు చెక్కుకున్నాడు. గుర్రం మాత్రం కష్టం. మెడ వంపు, నోరు, జూలు అన్నీ చిన్న ముక్కలో రావాలి. అందుకే గుర్రాల వరకూ అక్కడి పనివాడితో చేయించాడు. తనకు రానిది వచ్చినవాడికి అప్పగించడం తక్కువతనం అనుకోలేదు.

న్యూయార్క్‌లోని మిత్రుడితో ఉత్తరాల మీద ఆట సాగించడానికి రబ్బరు స్టాంపులు తయారు చేశాడు. ఒక్కో పావుకు ఒక్కో ముద్ర. కాగితంపై గళ్లలో ముద్ర కొడితే చాలు, ఆట ఎక్కడిదాకా వచ్చిందో అవతలివాడికి తెలుస్తుంది. పెడన అచ్చు చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

రాజు బొమ్మ గోడల మీదికి

1924లో నార్మండీ ప్రాంతీయ ఛాంపియన్ అయ్యాడు. 1925లో ఫ్రాన్స్ జాతీయ ఛాంపియన్‌షిప్ నీస్ నగరంలో జరిగింది. దానికి పోస్టర్ వేసింది డ్యూషాంపే. గాల్లోకి విసిరిన పెట్టెల్లాంటి ఘనాలు పడుతూ పడుతూ రాజు పావు ఆకారంలో పేరుకుంటాయి. ఒక్కో ఘనానికీ లేతరంగు, ముదురు రంగు ముఖాలు ఉంటాయి. చదరంగం తెలియనివాడు కూడా ఆగి చూస్తాడు. తెలిసినవాడికైతే, నిలకడగా కనిపించే రాజు ఎంత సులువుగా కూలిపోతాడో కూడా అందులో కనిపిస్తుంది.

ఈ పనికి అతనే ఎందుకు తగినవాడు? ఫ్రాన్స్‌లో అతనికంటే బాగా ఆడేవాళ్లున్నారు. అతనికంటే చక్కగా పోస్టర్లు గీసేవాళ్లూ ఉన్నారు. రెండూ తెలిసి, అచ్చు పని కూడా తెలిసినవాడు దొరకడమే అరుదు. పోస్టర్ వేసిన టోర్నీలోనే తానూ బరిలో దిగాడు. ఆ తర్వాత మాస్టర్ హోదా కూడా వచ్చింది.

1928 నుంచి 1933 దాకా హేగ్, హాంబర్గ్, ప్రేగ్, ఫోక్‌స్టోన్‌లలో జరిగిన నాలుగు ఒలింపియాడ్లలో ఫ్రాన్స్ తరఫున ఆడాడు. వాటిలో గెలుపులకంటే ఓటములే ఎక్కువ. అయినా హాంబర్గ్‌లో అమెరికా దిగ్గజం ఫ్రాంక్ మార్షల్‌తో డ్రా చేశాడు. 1932లో మిత్రుడు హాల్బర్‌స్టాట్‌తో కలిసి ఆట చివర్లో రాజులూ బంట్లే మిగిలే స్థితుల గురించి పుస్తకం రాశాడు. పేజీల అమరిక, అట్ట సొంతంగా చేసుకున్నాడు. 1937లో పారిస్ దినపత్రికకు చదరంగం శీర్షిక నడిపాడు.

నష్టమూ ఉంది

ఇష్టం హద్దు దాటితే ఏమవుతుందో కూడా అతని జీవితంలోనే ఉంది. 1927లో పెళ్లయింది. రాత్రంతా చదరంగం ముందే కూర్చుంటున్నాడని విసిగిపోయిన భార్య ఓ రోజు పావులన్నీ బోర్డుకు జిగురుతో అంటించేసిందని చెబుతారు. ఆ పెళ్లి ఏడాది కూడా నిలవలేదు.

అమ్మకాల్లోనూ దెబ్బ తిన్నాడు. 1935లో పారిస్‌లో నూతన ఆవిష్కరణల ప్రదర్శనలో చిన్న దుకాణం పెట్టాడు. తిరుగుతుంటే లోతు కనిపించే రంగుల అట్టబిళ్లలు 500 సెట్లు వేయించాడు. వచ్చినవాళ్లు చూసి పోయారు తప్ప కొన్నవాళ్లు దాదాపు లేరు. 1943లో తోలు పర్సులో ఇమిడే చదరంగం చేశాడు. పావులు జారకుండా చిన్న పిన్నులు కూడా అమర్చాడు. దాన్నీ వ్యాపారంగా నిలబెట్టలేకపోయాడు. చేయడం వేరు, అమ్మడం వేరు. ఆ రెండోది ఎప్పుడూ అతనికి పట్టుబడలేదు.

కానీ చేసిన పని మనుషుల్ని దగ్గర చేసింది. 1944 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని జూలియన్ లెవీ గ్యాలరీలో చదరంగం మీదే ఓ కళాప్రదర్శన ఏర్పాటైంది. నిర్వాహకుల్లో డ్యూషాంప్ ఒకడు. పేరున్న శిల్పులు, చిత్రకారులు తమ తమ పావులు, బొమ్మలు తెచ్చిపెట్టారు. 1945 జనవరిలో అదే గ్యాలరీలో కోల్టనోవ్‌స్కీ బోర్డు చూడకుండా ఏకకాలంలో పలువురితో ఆడాడు. 1929లో పారిస్‌లో డ్యూషాంప్ చేతిలో ఓడిపోయిన ఆటగాడే ఇతను. ఆ రోజు ఎత్తులు పైకి చదివి వినిపించింది డ్యూషాంపే.

1968 మార్చిలో కెనడాలోని టొరంటోలో, ప్రతి ఎత్తుకూ శబ్దాలు మారే చదరంగం బల్ల ముందు సంగీతకారుడు జాన్ కేజ్‌తో ఆడాడు. అదే ఏడాది అక్టోబర్ 2న పారిస్ పక్కన న్యూయీలో 81వ ఏట కన్నుమూశాడు.

మన గోడ దగ్గరికొస్తే

ఇప్పుడు మీ ప్లైవుడ్ ముక్క చూడండి. పదహారంగుళాల చదరం తీసుకుంటే ఒక్కో గడి రెండంగుళాలు వస్తుంది. ఎనిమిదెనిమిదులు 64. ఆటగాడు కూర్చునే వైపు నుంచి చూస్తే కుడిచేతి మూల గడి తెల్లదై ఉండాలి. మంత్రి తన రంగు గడిలోనే నిలబడాలి. బజారులో దొరికే చదరంగం బొమ్మల్లో చాలాచోట్ల ఇక్కడే తప్పు పోతుంది. ఆట తెలియనివాడు గీశాడని ఆటగాడు చూడగానే పట్టేస్తాడు. గీత వంకర పోతే బొమ్మలు వేసేవాడు పట్టేస్తాడు. ఇద్దరికీ దొరక్కుండా చేశారంటే మీ దగ్గర ఏదో ఉన్నట్టే.

రెజ్యూమెలో హాబీలు అనే చోట చదరంగం, డ్రాయింగ్ అని రెండు మాటలు రాసి వదిలేస్తే ఎవరూ ఆగరు. పూర్తయిన ఒక్క పని ఫొటో, కొలతలు, పట్టిన రోజులు, అయిన ఖర్చు, చెడిపోయిన మొదటి ప్రయత్నం, దాన్నెలా సరిచేశారో ఒక పేజీలో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమన్నప్పుడు నోరు తడబడకుండా ఉంటుంది.

ఇంట్లో అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, ఆ గుర్రం తల వల్ల ఉద్యోగం రాకపోవచ్చు. కాబట్టి కోచింగ్ మానొద్దు. డ్యూషాంప్ కూడా గ్రంథాలయం ఉద్యోగం చేస్తూనే తన పని చేసుకున్నాడు. కానీ మొదలుపెట్టిన బోర్డును మాత్రం సగంలో వదలకండి. మిగిలిన గళ్లు కూడా ఈ ఆదివారం నింపేయండి.