మేరీ ఆనింగ్: వింతరాళ్ల అంగడి

ఇంగ్లండు దక్షిణ తీరమున లైం రీజిస్ అను చిన్న రేవుపట్టణము కలదు. దాని కిరుప్రక్కల సముద్రపుటొడ్డున మెత్తని కొండచరియలు నిలిచియున్నవి. శీతకాలపు తుపానులకు అవి విరిగిపడినప్పుడు పూర్వయుగముల జలచరముల శిలాజములు బయల్పడును. ఆ రాళ్లను ఏరి, అంగడిలో నమ్ముకొని జీవించిన యొక పేదరాలు పండితులకే పాఠము నేర్పెను. ఆమెయే మేరీ ఆనింగ్.

మేరీ 1799వ సంవత్సరము మే 21వ తేదీన జన్మించెను. తండ్రి రిచర్డు వడ్రంగి. ఆయన సంతానములో మేరీయు, ఆమె యన్న జోసెఫును మాత్రమే పెరిగి పెద్దవారైరి. ఫ్రాన్సుతో యుద్ధములు సాగుచుండుటచే ఆ కాలపు ధనికులు విదేశయాత్రలు మాని స్వదేశపు తీరములకు వచ్చుచుండిరి. వారి కొరకు రిచర్డు తన దుకాణము ముందు బల్లవేసి వింతరాళ్లను అమ్ముచుండెను. చుట్టలు తిరిగిన రాళ్లు వానిలో ముఖ్యములు. అచ్చటివారు వానిని పాము రాళ్లనిరి. మనము పూజించు గండకీనది సాలగ్రామములును ఆ తెగ జీవుల శిలాజములే.

1810లో రిచర్డు మరణించెను. ఆయన విడిచిపోయినది సుమారు 120 పౌనుల ఋణము. కుటుంబము ఊరివారి ధర్మముపై ఆధారపడవలసి వచ్చెను. 1811లో జోసెఫు ఒక పెద్ద జంతువు పుర్రెను చూచెను. మరుసటి యేడు మేరీ మిగిలిన యస్థిపంజరమును కనుగొనెను. అది ఇక్తియోసారస్ అను సముద్రపు సరీసృపము. ఒక భూస్వామి దానిని సుమారు 23 పౌనులకు కొనెను. 1819లో బ్రిటిష్ మ్యూజియమువారు దానికి 45 పౌనులిచ్చిరి.

ఈ వ్యాపారము సులభమైనది కాదు. సరకు దొరకునది శీతకాలమున. కొనువారు వచ్చునది వేసవిలో. చరియ విరిగిన వెంటనే వెళ్లనిచో అలలు సమస్తమును కొనిపోవును. 1833లో చరియ కూలి ఆమె పెంపుడు కుక్క మరణించెను. ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకొనెను. చిన్న రాళ్లు పూటగడుపును. పెద్ద యస్థిపంజరము ఎన్నడో గాని దొరకదు.

మేరీ చదివిన చదువు స్వల్పము. అయినను పండితుల వ్యాసములను ఎరవు తెచ్చుకొని, బొమ్మలతో సహా చేతితో నకలు వ్రాసికొనెను. ఎముకల యమరికను గ్రహించుటకై చేపలను కోసి పరిశీలించెను. తానమ్ము వస్తువు ఏమిటో కొనువారికంటె ఆమెకే బాగుగా తెలియును.

1823లో ఆమె ప్లీసియోసారస్ యొక్క పూర్తి యస్థిపంజరమును కనుగొనెను. ఫ్రెంచి మహాపండితుడు క్యూవియర్ దాని మెడ పొడవును చూచి, అది అతుకులు వేసిన కూటసృష్టియేమో యని శంకించెను. ఆ నింద నిలిచినచో ఆమె యంగడి అంతటితో మూతపడును. 1824లో లండను భూగర్భశాస్త్ర సంఘము దానిని చర్చించెను. అస్థిపంజరము నిజమైనదని తేలెను. క్యూవియర్ తన పొరపాటు నొప్పుకొనెను. కాని యా సభలో మేరీ పేరును ఎవ్వరును పలుకలేదు. మ్యూజియములలో సైతము ఇచ్చిన ధనికుని పేరే కాని, కనుగొన్న యామె పేరు వ్రాయరైరి.

1826లో, తన 27వ యేట, మేరీ స్వార్జితముతో అద్దపు కిటికీ గల యిల్లు కొని అందే యంగడి తెరచెను. 1828లో ఎగిరెడు సరీసృపమును కనుగొనెను. జర్మనీ వెలుపల అట్టిది దొరకుట అదియే మొదలు. 1844లో సాక్సనీ రాజు సయిత మా యంగడికి వచ్చెను. ఇంతలో ఆమె కూడబెట్టిన సొమ్ము తప్పుడు మదుపువలన పోగా, మిత్రుల ప్రయత్నమున ఏటికి 25 పౌనుల భృతి లభించెను.

1847 మార్చి 9వ తేదీన ఆమె పుట్టకురుపుతో మరణించెను. 1850లో భూగర్భశాస్త్ర సంఘ సభ్యులు ఆమె స్మృతికై ఆ యూరి చర్చిలో రంగుటద్దముల కిటికీ నమర్చిరి. స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు మాత్రము ఆ సంఘమునకు 1919 వరకు పట్టెను. ఆమె పుట్టిన యింటి స్థలమున నేడు పట్టణ మ్యూజియము నిలిచియున్నది. 2022లో ఆమె విగ్రహమును ప్రతిష్ఠించిరి.

పొట్టకొరకు చేయు పనియందైనను శ్రద్ధయు సత్యమును ఉన్నచో అది విద్యయే యగును. పేరు దాచిన వారి పేర్లు మరుగుపడవచ్చును. ఆ రాళ్లు మాత్రము మేరీ పేరును చెప్పుచునే యున్నవి.