దుర్గాబాయి దేశ్‌ముఖ్ - స్త్రీ ఆరోగ్యము
1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయిగారికి ఎనిమిదవ యేటనే వివాహము జరిగినది. యుక్తవయస్సు వచ్చిన పిదప కాపురమునకు వెళ్ళ నిరాకరించి, వారు చదువునకు పూనుకొనిరి. 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను స్థాపించి స్త్రీలకు విద్యను, వైద్యమును సమకూర్చిరి. రాజ్యాంగసభలో సభ్యురాలై, అనంతరము ప్రణాళికాసంఘమునను సభ్యత్వము వహించిరి. మొదటి పంచవర్ష ప్రణాళికలో (1951-56) కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయింపబడినవి. గర్భనిరోధము ప్రజాధనముతో నెరవేర్చదగిన ఆరోగ్యకార్యమని రాజ్యము ఆనాడే అంగీకరించినది. దుర్గాబాయిగారు 1981లో దివంగతులైరి.

నేడు వరంగల్లు ప్రభుత్వ వైద్యశాలలలో ఆ సాధనములు స్త్రీలకు ఉచితముగా లభించుచున్నవి. పెక్కు ఆరోగ్యబీమా పత్రములు మాత్రము ఆ వ్యయమును మినహాయించుచున్నవి. రాజ్యము నాడు స్వీకరించిన బాధ్యతను బీమాసంస్థలు నేటికైనను పంచుకొనవలదా?