ఉద్యోగం వదిలి నవ్వులు పంచిన రమణారెడ్డి

అత్వెల్లిలో మన పెన్షనర్లు నలుగురు చేరి పాత సినిమాల ఊసెత్తితే రేలంగి–రమణారెడ్డి జంట పేరు రాక మానదు. వారిలో రమణారెడ్డిగారు ఒకప్పుడు మనలాగే ఉద్యోగి అని ఎందరికి తెలుసు?

తిక్కవరపు వెంకట రమణారెడ్డిగారు 1921 అక్టోబరు 1న నెల్లూరు జిల్లా జగదేవిపేటలో జన్మించారు. నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. నటన మీది మక్కువతో ఆ కొలువు వదులుకుని సినిమాల్లోకి వెళ్లారు. నెలజీతంతో ఇల్లు నడిపిన మనకు అదెంత సాహసమో వేరే చెప్పనక్కరలేదు. ఇంద్రజాలంలోనూ ఆయన దిట్ట.

‘మిస్సమ్మ’ (1955)లో అప్పు పేరిట వేధించే డేవిడ్ ఆయనే, దేవయ్య రేలంగి. ‘మాయాబజార్’ (1957)లో ఈయన చిన్నమయ్య, ఆయన లక్ష్మణకుమారుడు. రేలంగిది బొద్దు విగ్రహం, ఈయనది బక్కపలచని ఒళ్లు. లారెల్–హార్డీల మాదిరి పక్కపక్కన నిలబడితే చాలు, హాలులో నవ్వులే. అయితే ఆకారం ఒక్కటే అయితే ఆ నవ్వు ఇన్నేళ్లు నిలిచేది కాదు. ఒకరి అమాయకత్వానికి మరొకరి జిత్తులు తోడయ్యేవి. ఒకరిని మించాలని మరొకరు చూడకుండా, ఎదుటివారి మాట పండేలా నటించేవారు.

1974 నవంబరు 11న, 53 ఏళ్ల వయసులో రమణారెడ్డిగారు కన్నుమూశారు. మరుసటి ఏడాది నవంబరు 27న రేలంగిగారూ వెళ్లిపోయారు. ఉద్యోగంలోనే ఉండి ఉన్నా, రమణారెడ్డిగారు పెన్షను అందుకునే వయసు రాకముందే పోయేవారు. వదులుకున్న ఆ కొలువుకు బదులుగా ఆయన మిగిల్చిన నవ్వును మాత్రం ఈనాటికీ మనవలతో కలిసి మనం అనుభవిస్తున్నాం.